తలుపు లేని తెర

దోమతెర కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి తమ మంచం పొడవు తెలియదు. ఏళ్ళ తరబడి దాని మీదే పడుకుంటారు, దాని మీదే జబ్బుపడి లేస్తారు. కొలత అడిగేసరికి రెండు చేతులూ చాపి గాలిలో చూపిస్తారు. తెరలాయన మొదట ఆ చేతుల మధ్యనున్న ఖాళీని చూసేవాడు. తర్వాత వాళ్ళ ముఖం చూసేవాడు. రెండు చోట్లా అతనికి ఒకటే కనిపించేది.

"తాడు తీసుకుని ఇంటికి పోండి. లేదంటే మంచాన్నే నెత్తిన పెట్టుకు రండి" అనేవాడు.

వాళ్ళు తాడు తీసుకుని పోయేవాళ్ళు. దారిపొడుగునా తిట్టుకుంటూ పోయి, మళ్ళీ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. అతను కుట్టిన తెరలోకి దోమ దూరదు. ఆ సంగతి వీధి మొత్తానికి తెలుసు. అతనికి వీధి కంటే ఎక్కువ తెలుసు.

వీధి వైపు గది దుకాణం. తెల్లని తెరగుడ్డ తానులు గోడవారగా నిలబెట్టి ఉండేవి. కిటికీ కింద కుట్టుమిషను, దాని ముందు అతను. మిషను పక్కన నేలమీద చాప, చాప మీద మరదలు. అతను కుట్టి కింద పడేసిన తెరకు అంచు మడిచి చేత్తో కుట్టడం ఆమె పని. లోపలి వంటగదిలో భార్య. వంటగది వెనక పెరడు.

దుకాణం మామగారిది. ఆయన తెరలకు తలుపుండేది. తెర పక్కన చీలిక, చీలిక మీద మరో పొర, కట్టుకోవడానికి నాడాలు. ఆయన చూపు మందగించి మిషను అల్లుడి చేతికి వచ్చిన వారంలోనే ఆ తలుపు పోయింది.

"మరి మనిషి లేవడం ఎలా నాయనా?" అని మామగారు అడిగారు.

"అంచు ఎత్తుకుని లేస్తాడు. ఎత్తినవాడికి ఎత్తానన్న భయం ఉంటుంది, మళ్ళీ పరుపు కింద దోపుతాడు. తలుపుంటే ఆ భయం ఉండదు. తెరిచి పోతాడు."

మామగారు నవ్వారు. ఆ నవ్వు తనను మెచ్చుకున్న నవ్వేనని అల్లుడు చివరిదాకా అనుకున్నాడు.

మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె ఇతని భార్య. చిన్నామెకు సంబంధాలు వచ్చాయి, ఆమె వద్దంది, రావడం మానేశాయి. కారణం ఎవరికీ చెప్పలేదు. కారణం ఉండేంత బుర్ర ఆమెకు లేదని బావగారు తేల్చేశాడు. తండ్రి పోయాక కూడా ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తాను తిండి పెడుతున్నానని అతను అనుకునేవాడు. తన తండ్రి ఇంట్లో తాను తింటున్నానని ఆమె అనుకునేది. ఇద్దరూ పైకి అనలేదు. అనని ఆ మాట మీదే ఇల్లు నడిచింది.

పెరట్లో ఆమె నారు పోసేది. వంగ, టమాటా, క్యాబేజీ. పొద్దున్నే మడి పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో ఆకూ తిరగేసి చూసేది. ఆకు అడుగున పురుగు గుడ్ల ముద్ద కనిపిస్తే బొటనవేలితో తుడిచేసేది. విత్తనం వేసే ముందు ప్రతిసారీ పలుగుతో మట్టిని లోతుగా తిరగేసి ఎండకు వదిలేది. గోరింకలు కూలికి వచ్చినట్టు ఆమె వెనకాలే నడుస్తూ మట్టిలోంచి ఏవో ఏరుకు తినేవి. అంతా చేసినా మొక్కల్లో కొన్ని పురుగులకు పోయేవి. మిగిలినవి ఇరుగుపొరుగువాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు.

తెరలాయన వంటింటి గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటూ ఇదంతా చూసేవాడు.

"ఏమ్మా, పిల్లలు నిద్ర లేచారా? మొహాలు కడిగావా?"

"కడిగాను బావగారూ. మీదొక్కటే మిగిలింది. ఇటు రండి" అనేది ఆమె తల ఎత్తకుండా.

ఎదురింటివాళ్ళ పెరట్లో క్యాబేజీ చూసి, నారు ఎక్కడిదని అడుగుతూ ఒకరోజు ఒకావిడ వచ్చింది. వీధి చివర కొత్తగా కట్టిన ఆస్పత్రికి తోట చూసుకునే పెద్దావిడ. గొంతు పెద్దది, చెప్పుల నిండా మట్టి. నేరుగా పెరట్లోకి వెళ్ళి మరదలితో మాట్లాడి, దుకాణంలో ఉన్న యజమాని వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. ఆ ఒక్కదానికే అతనికి ఆవిడ మీద ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర మరదలు సంగతి చెప్పింది. ఆస్పత్రి వంటశాల కోసం వెనకనున్న స్థలంలో కూరగాయలు పెంచుతారట. అక్కడ నారు పెంచే మనిషి కావాలట. ముందు ఆవిడ చెప్పిన గడువులోగా ఇక్కడ ఒక మడి క్యాబేజీ నారు పెంచి చూపించాలి. రోగులుండే చోటు కాబట్టి మందు కొట్టకూడదు. నారు బాగుంటే ఆ పని ఆమెదే. స్థలం పక్కన ఒక గది ఉంది, అదీ ఆమెకే.

"గదా?" అన్నాడు తెరలాయన. "ఇక్కడ నీకు గది లేకనా?"

"ఇక్కడుంది చాప బావగారూ."

భార్య చెల్లెలి కంచంలో ఇంకో గరిటెడు వడ్డించింది. అతను నవ్వాడు. నవ్వినప్పుడు అతని ముక్కు మాత్రమే కదిలేది.

"పురుగులు తిని వదిలేసింది తట్టలో పెట్టుకెళ్ళి, ఇదిగో నా నారు అంటావా? మందు లేకుండా పురుగును ఆపేది లోకంలో ఒకటే ఉంది. అది నా దుకాణంలో ఉంది."

ఆమెకు ఆ పని రావాలని అతనికేమీ లేదు. వస్తే మాత్రం అది తన తెర వల్ల వచ్చిందని వీధి చెప్పుకోవాలి. ఆ గదిలో ఆమె పడుకున్న ప్రతి రాత్రీ ఆ మాట ఆమెకు గుర్తుండాలి.

మర్నాడే తాడు పట్టుకుని పెరట్లోకి దిగాడు. మడి పొడవు, వెడల్పు, నాలుగు మూలల ఎత్తు, మధ్యలో ఉబ్బు, అన్నీ కొలిచాడు. అంత శ్రద్ధగా అతను ఏ మంచాన్నీ కొలవలేదు. అతను లేచేసరికి మరదలు పలుగుతో వచ్చింది.

"అదెందుకు?"

"మట్టి తిప్పాలి. పాత క్యాబేజీ పీకిన మడి ఇది. తిప్పి ఎండబెట్టాలి."

"కొలత తీసుకున్నాక తిప్పడమేమిటి? తిప్పితే మడి ఉబ్బుతుంది, అంచులు జారతాయి. అప్పుడు తెర ఒక పక్క బిగుసుకుంటుంది, ఇంకో పక్క వేలాడుతుంది. నా తెర వేలాడటం ఎప్పుడైనా చూశావా?"

"తిప్పాక మళ్ళీ కొలవండి."

"ఒకే మంచాన్ని నేను రెండుసార్లు కొలవను."

"ఇది మంచం కాదు బావగారూ."

"నీకు తెలియదులే. పైన తెర పడ్డాక కింద ఏముంటే ఏం? పురుగు వచ్చేది పైనుంచి."

 తోట పెద్దావిడ చెప్పిన గడువు మరదలి మనసులో ఉంది. మందు కొట్టకూడదన్న భయమూ ఉంది. ఎప్పుడూ కొన్ని మొక్కలు పోతాయి, ఈసారి పోకూడదన్న ఆశ అన్నిటికంటే ఎక్కువగా ఉంది. పలుగు గోడకు ఆనించింది. వేళ్ళతో పైపైన గీతలు గీసి విత్తనం వేసింది.

"ఒక తలుపైనా పెట్టండి. కలుపు తీయాలంటే చేయి పెట్టాలి కదా" అంది.

"చేయి పెడితే పురుగూ పెడుతుంది."

తెర తయారైంది. అటూ ఇటూ వెదురుబద్దలు వంచి గుచ్చి, వాటి మీద తెర పరిచి, అంచులు నాలుగువైపులా జానెడు లోతున మట్టిలో పూడ్చి, పైన ఇటుకలు పేర్చాడు. ఎక్కడా ముడత లేదు. నీళ్ళు తెర మీంచే చల్లాలని ఆజ్ఞ వేశాడు. తర్వాత కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని తన పనిని తాను చూసుకున్నాడు.

మొలకలు వచ్చాయి. రెండాకులు, నాలుగాకులు. ఒక్క ఆకు మీద గాటు లేదు. వీధివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వీధి మొదట్లో పురుగుమందుల కొట్టు నడిపేవాడిని తెరలాయన తనే కబురుపెట్టి పిలిపించాడు.

"చూడవయ్యా. నీ డబ్బాలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారబోసుకో."

"కాలవలో చేపలున్నాయి అన్నగారూ" అన్నాడు మందుల కొట్టాయన. "తెర బ్రహ్మాండంగా ఉంది. లోపల వదినగారు పడుకుంటారా, మీరా?"

"నీలాంటివాడికి ఇంతకంటే మంచి మాట ఎలా వస్తుంది?"

గోరింకలు తెర పైన వాలి, జారి, మళ్ళీ వాలి, అలవాటు ప్రకారం మట్టి కోసం చూసి వెళ్ళిపోయాయి. పురుగుల్ని ఎత్తుకుపోయే కందిరీగలు తెర చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. తెరలాయన వాటిని కూడా నవ్వుతూ సాగనంపాడు.

ఒక సాయంత్రం తెర లోపల ఒక రెక్కల పురుగు కనిపించింది.

మట్టిరంగులో ఉంది. రెక్కల మీద సన్నని గీతలు. తెరకు తల కొట్టుకుంటూ, జారుతూ, మళ్ళీ ఎగురుతూ ఉంది. తెరలాయన దాన్ని చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళకు పైగా తెరలు కుట్టినవాడికి, లోపల పురుగు కనిపిస్తే తట్టేది ఒకటే: ఎక్కడో దారి ఉంది. అతని తెరలో దారి ఉండదు కాబట్టి ఎవరో దారి ఇచ్చారు.

"అంచు ఎత్తావు" అన్నాడు మరదలితో.

"ఎత్తలేదు."

"కలుపు తీయాలన్నావుగా? చేయి దురద పెట్టింది. ఎత్తావు."

"ఇటుకలు కదిలాయేమో చూసుకోండి. నా చేయి ఎత్తిందో లేదో నాకు తెలియదా?"

ఇటుకలు కదలలేదు. అతను మాత్రం నమ్మలేదు. దుకాణం మూసి, కళ్ళజోడు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కుట్టు మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి ఒక్కో కుట్టూ తడిమాడు. ఒక వైపు అయ్యాక ఇంకో వైపు. మర్నాడు లోపల మరో రెండు పురుగులు ఎగిరాయి; ఆ తర్వాతి రోజుల్లోనూ అతనికి అదే పని. దుకాణం ముందు జనం వచ్చి పిలిచి పోతున్నారు. అతని ముక్కు తెరకు ఆని ఉంది, కళ్ళు తెర మీదే ఉన్నాయి. తెరకు జానెడు కింద ఆకులు ఏమవుతున్నాయో అతను చూడలేదు.

చూసింది మరదలు.

"బావగారూ, ఆకుల అడుగున పురుగు పిల్లలు దిగాయి. తెర తీయండి, ఏరేస్తాను."

"తీస్తే రంధ్రం ఎక్కడుందో ఇంక తెలియదు."

"తెలిసి ఏం చేస్తారు? నా నారు పోతోంది!"

"ఎత్తినదానివి నువ్వు, ఏడ్చేదానివీ నువ్వేనా?"

ఆ మాటే వీధిలోనూ అన్నాడు. నీళ్ళకు వచ్చినవాళ్ళతో అన్నాడు, తాడు పట్టుకు వచ్చినవాళ్ళతో అన్నాడు. మందుల కొట్టాయనతో రెండుసార్లు అన్నాడు. "నేను లోకంలో ఉన్న పురుగులన్నిటినీ ఆపగలను, ఇంట్లో ఉన్న ఆడదాని చేతిని ఆపలేను కదా" అన్నాడు. తన మాట తనకే బాగా నచ్చింది.

అతను మళ్ళీ పెరట్లోకి వచ్చేసరికి ఆ పిల్లలు లద్దె పురుగులై, పచ్చగా, సన్నగా, గుంపులు గుంపులుగా ఆకుల పచ్చదనాన్ని గీకేసి ఈనెలు మాత్రం వదిలాయి. ఆకులు జల్లెడలయ్యాయి. మరదలు తెర ముందు నిలబడి ఉంది. ఏడవలేదు. ముఖం మాత్రం మట్టి రంగుకు తిరిగింది.

"చూడండి బావగారూ. మీకంటే సన్నగా కుట్టాయి."

అతను నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి భార్య మాట్లాడింది. ఆమె ఈ వ్యవహారంలో మాట్లాడటం అదే మొదలు.

"ఏవండీ, మీ కుట్టులో రంధ్రం ఉందా?"

"నా కుట్టులోనా!"

"లేదు కదా?"

"లేదు."

"చెల్లి అంచు ఎత్తలేదు. పగలంతా మీరే ఇక్కడ కూర్చున్నారు, రాత్రి అది నా పక్కనే పడుకుంది. రంధ్రం లేదు, అంచు ఎత్తలేదు. అయితే పురుగు ముందు నుంచీ లోపలే ఉంది. మట్టిలో."

ఇంత చిన్న లెక్క తనకు వంటింట్లోంచి రావడం తెరలాయనకు తలకొట్టేసినట్టయింది. పాత క్యాబేజీ తిని బలిసిన పురుగులు మట్టిలోకి దిగి గింజల్లా ముడుచుకుని పడుకున్నాయి, రెక్కలొచ్చి పైకి లేచి ఆకుల అడుగున గుడ్లు పెట్టాయి. తిరగేసి ఉంటే ఎండకు మాడేవి, గోరింకలు ఏరుకునేవి. అతను వాటి మీద తెర పరిచి, అంచులు పూడ్చి, ఇటుకలు పెట్టి, వాటి శత్రువులందరినీ బయట నిలబెట్టి, కుర్చీ వేసుకుని కాపలా కాశాడు. రంధ్రం ఉందంటే తన కుట్టు చెడ్డది. లేదంటే తన తెర వాటికి కట్టిన ఇల్లు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఒప్పుకోవాలి. అతను ఏదీ ఒప్పుకోలేదు. "ఇంకా ఒక వైపు చూడలేదు" అని మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మరదలు లోపలికి వెళ్ళి దుకాణంలోని పెద్ద కత్తెర తెచ్చింది. ఆ కత్తెర అతను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అతని నెత్తి మీదుగా చేయి చాపి, తెర నడినెత్తిన గుచ్చి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క కోత కోసింది. తెర రెండు పక్కలా జారి వెదుళ్ళకు వేలాడింది.

"ఇదిగో బావగారూ, రంధ్రం దొరికింది. ఇంక లేవండి."

చీకటి పడేదాకా అక్కాచెల్లెళ్ళిద్దరూ పురుగులు ఏరి సబ్బునీళ్ళలో వేశారు. అతను దుకాణంలో దీపం వేసుకోకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తోట పెద్దావిడ వచ్చింది. వంగి ఒక మొక్కను పీకి, ఆకులు చూసి, వేళ్ళు చూసి, మట్టి వేలితో కెలికింది.

"మందుల కొట్టాయన చెప్పాడు. అంచు ఎత్తి వదిలేశారట?" అని మరదలిని అడిగింది.

తెరలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మరదలు ఇప్పుడు తన పేరు ఎత్తుతుంది, తిడుతుంది, వేలెత్తి చూపిస్తుంది. తిరిగి అనవలసిన మాటలు అతను తెల్లవారుజామునే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. మంచి మాటలు.

మరదలు అతని వైపు చూడలేదు.

"అంచు ఎవరూ ఎత్తలేదమ్మా. మట్టి తిప్పకుండా విత్తనం వేశాను. పురుగు మట్టిలోనే ఉంది. పైన తెర మూయించాను. తప్పు నాది."

అంతే. బావగారు లేడు. దుకాణం లేదు. తెర ఎక్కడి నుంచో ఊడిపడినట్టు, ఎవరో దారినపోయేవాడు మూసి పోయినట్టు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని వెక్కిరించింది, ఎదురు చెప్పింది, కత్తెరతో నెత్తిమీదికి కూడా వచ్చింది. ఇంత చులకన మాత్రం ఎప్పుడూ చేయలేదు. తప్పులో కూడా వాటా ఇవ్వలేదు.

"మూయించావా?" అని అరిచాడు. "నువ్వు మూయిస్తే మూసేవాడినా నేను? మట్టి తిప్పుతానంటే వద్దన్నది నేను! కొలత చెడుతుందని! తెర నాది, కుట్టు నాది, అంచు పూడ్చింది నేను. ఇదేం చేసింది? చాప మీద కూర్చుని అంచు మడిచింది!"

తోట పెద్దావిడ మొదటిసారి అతన్ని తేరిపార చూసింది.

"అయితే ఈ పురుగుల్ని సాకింది మీరన్నమాట."

"నా తెరలో రంధ్రం లేదు."

"అవును, లేదు" అంది ఆవిడ. "ఉంటే ఇంకాస్త నారు దక్కేది."

తర్వాత అతన్ని వదిలేసి మరదలి వైపు తిరిగింది.

"ఈ నారు నాకు పనికిరాదు."

"తెలుసమ్మా. మట్టి తిప్పి ఎండబెట్టి మళ్ళీ వేస్తాను. అప్పటిదాకా ఆగుతారా?"

"ఇక్కడ ఎండబెడితే నాకేం లాభం?" ఆవిడ చేతులు దులుపుకుంది. "పురుగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఇప్పటిదాకా అందరూ నాకు పక్కవాళ్ళ ఇల్లు చూపించారు. పలుగు ఉందా మీ దగ్గర?"

"ఉంది."

"రేపు పట్టుకురండి. అక్కడి మట్టి తిప్పండి. గది తాళం ఇస్తాను. నారు రాకపోతే మాత్రం తాళం తిరిగి తీసుకుంటాను. మొహమాటం ఉండదు."

"ఉండక్కర్లేదు" అంది మరదలు.

వెళ్ళేటప్పుడు ఆమె పట్టుకెళ్ళింది బట్టల మూట, పలుగు, నీళ్ళ డబ్బా. చాప వదిలేసింది. తెరలాయన మిషను ముందే కూర్చుని, దారం ఎక్కిస్తూ, వీధికి వినపడేలా అన్నాడు.

"బయలు స్థలం. నాలుగువైపులా గాలి. తెర లేకుండా ఒక్క ఆకు మిగలదు చూడు!"

"మిగలకపోతే నేనే వచ్చి చెప్తాను బావగారూ. ఆ సంతోషం మీకు వేరేవాళ్ళు చెప్పగా తెలియడమెందుకు?"

ఆమె వచ్చి చెప్పలేదు. అతను అటు వెళ్ళి చూడలేదు. ఆస్పత్రి ఆ వీధి చివరే, దుకాణం గుమ్మంలో నిలబడితే గోడ కనిపిస్తుంది. అయినా వెళ్ళలేదు. భార్య మాత్రం పొద్దున్నే వెళ్ళి వంటవేళకు వచ్చేది. గోళ్ళలో మట్టి ఉండేది. చాప మీద కూర్చుని చెల్లెలి బదులు అంచులు మడిచేది. ఆమె కుట్టు వంకర. అతను విప్పి మళ్ళీ కుట్టేవాడు, ప్రతిసారీ విసుక్కునేవాడు, ఆమె ప్రతిసారీ వినేది కాదు.

ఒక సాయంత్రం మిషను ఆపకుండానే అడిగాడు.

"ఇంకా తినలేదా పురుగులు?"

"తిన్నాయి."

మిషను ఆగింది. "చెప్పానా లేదా! ఎంత పోయింది?"

"కొంత."

"కొంతేమిటే? పురుగు పడ్డాక కొంత ఏమిటి? మందు లేదు, తెర లేదు. మరి అదేం చేస్తోంది అక్కడ కూర్చుని?"

భార్య దారాన్ని పళ్ళతో తెంపింది.

"మిగిలినవాటికి నీళ్ళు పోస్తోంది" అంది.